ఇంజిన్ బోరుకు వచ్చిన పాత కారు: బాగు చేయించాలా, ఇంజిన్ మార్చాలా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు రెండు మూడేళ్లు నడిచాక పికప్ తగ్గి, పొగ ఎక్కువై, ఆయిల్ తాగడం మొదలుపెడితే మెకానిక్ నోట సాధారణంగా వచ్చే మాట "ఇంజిన్ బోరుకు వచ్చింది, దింపాల్సిందే" అని. అప్పుడు యజమాని ముందు నాలుగు దారులు ఉంటాయి. చెడిన భాగం వరకే బాగు చేయించుకోవచ్చు, ఇంజిన్ మొత్తం విప్పించి, అరిగిన సిలిండర్ గోడను (బోరును) కొద్దిగా పెద్దదిగా కోసి పెద్ద పిస్టన్లు వేసే బోరింగ్ చేయించవచ్చు, మరో ఇంజిన్ తెచ్చి పెట్టించవచ్చు, లేదా ఉన్నది ఉన్నట్లే అమ్మేయవచ్చు. చాలామంది మొదటి రోజే ఏ దారికి ఎంత ఖర్చవుతుందని అడగడం మొదలుపెడతారు. ఏం చెడిందో తేలకుండా చెప్పిన ధరకు అర్థం లేదు కాబట్టి, ఆ ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టడం మంచిది.

ముందు రోగమేమిటో తేలాలి

బయటికి ఒకేలా కనిపించే లక్షణాలకు లోపలి కారణాలు వేరువేరుగా ఉంటాయి. నీలం పొగ వస్తోందంటే ఆయిల్ కాలుతోందని అర్థమే కాని, ఆ ఆయిల్ అరిగిపోయిన పిస్టన్ రింగుల దగ్గరే దూరుతోందని చెప్పలేము. ఉదయం స్టార్ట్ చేసిన కొద్ది క్షణాలు మాత్రమే నీలం పొగ వచ్చి ఆగిపోతే, లేదా పల్లంలో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు మాత్రమే వస్తే, వాల్వు సీళ్లను అనుమానించాలి. టర్బో ఉన్న డీజిల్ కారులో టర్బో సీలు పోయినా ఇదే పొగ వస్తుంది. అటువంటప్పుడు ఎయిర్ ఇన్‌టేక్ గొట్టం విప్పి చూస్తే లోపల ఆయిల్ చెమ్మగా కాక ధారగా కనిపిస్తుంది. క్రాంక్ కేసులోని ఆవిరి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోతే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా ఆయిల్ తాగుతుంది. ఇవన్నీ ఇంజిన్ దింపకుండా చేయగలిగిన పనులు. వీటి కోసం ఫుల్ ఇంజిన్ పని చేయించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే అవుతుంది.

తెల్ల పొగ తీపి వాసనతో వస్తూ కూలెంట్ తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్‌నో (సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే సీలు), పగిలిన హెడ్‌నో చూడాలి. అదే తెల్ల పొగ డీజిల్ ఘాటుతో కళ్లు మండించేలా వస్తే ఇంజెక్టర్ల వైపు చూడాలి. నల్ల పొగకు ఇంజిన్ అరుగుదల కంటే మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, మసి పట్టిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), డీజిల్‌ను సరిగా పిచికారీ చేయని ఇంజెక్టర్ కారణం కావడమే ఎక్కువ. ఆయిల్ మూత తీస్తే పాలు కలిపిన కాఫీ రంగు జిగట కనిపించిందని కంగారు పడేవారూ ఉన్నారు. కారు రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరుగుతూ ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే మూత కింద కొంత తెల్లటి పొర పేరుకుంటుంది. డిప్‌స్టిక్ మీద ఉన్న ఆయిల్ కూడా అదే రంగులో ఉంటేనే కూలెంట్ కలిసినట్లు లెక్క.

శబ్దాల విషయంలో మాత్రం తాత్సారం పనికిరాదు. ఇంజిన్ పైభాగం నుంచి వచ్చే టిక్ టిక్ శబ్దంతో కొంతకాలం నడపవచ్చు కాని, అడుగు నుంచి, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ పెరుగుతూ దడదడమని వచ్చే శబ్దం, పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులది అయ్యే అవకాశం ఎక్కువ. ఆయిల్ ప్రెషర్ లైటు కూడా వెలుగుతుంటే ఆ క్షణంలోనే ఇంజిన్ ఆపి బండిని టో చేయించాలి. అక్కడ ఆపితే బేరింగులు మార్చి, క్రాంక్ షాఫ్టును అరగదీసి నునుపు చేసే గ్రైండింగ్‌తో పోయే పని, గ్యారేజీ దాకా నడుపుకొని వెళితే రాడ్డు బ్లాకును పగలగొట్టుకొని బయటికి వచ్చే దాకా పోవచ్చు. ఒకసారి బ్లాకు పగిలితే ఇక బాగు చేయించడం గురించి ఆలోచించవలసిన అవసరమే ఉండదు.

చూపుతో, చెవితో తేలనిది, సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతుందో కొలిచే కంప్రెషన్ పరీక్షతో తేలుతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో సాధారణంగా 10 నుంచి 14 బార్ల వరకు, ఇప్పటి కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో 25 నుంచి 30 బార్ల వరకు కంప్రెషన్ ఉంటుంది. అంకె కొంచెం తగ్గినా అన్ని సిలిండర్లలో సమానంగా ఉంటే ఇంజిన్ ఇంకా కొంతకాలం నడుస్తుంది. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటితే మాత్రం లోపల పని ఉన్నట్లే. పెట్రోల్ ఇంజిన్ అయితే తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ పరీక్షించాలి. అంకె పెరిగితే రింగులో బోరో అరిగిందని, పెరగకపోతే వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో లీకు ఉందని తెలుస్తుంది. డీజిల్‌లో ఈ ఆయిల్ పరీక్ష నమ్మదగింది కాదు. దానికి సిలిండర్‌లోకి గాలి ఎక్కించి అది ఎక్కడి నుంచి బయటపడుతుందో చూసే లీక్‌డౌన్ పరీక్ష మేలు. గాలి ఆయిల్ మూత దగ్గర బుసకొడితే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. ఈ పరీక్షలకయ్యే ఖర్చు ఇంజిన్ పని ఖర్చు ముందు లెక్కలోకి రాదు. అయినా అడగనిదే చేసే గ్యారేజీలు తక్కువ కాబట్టి మీరే అడగండి. ఫలితాలను సిలిండర్లవారీగా కాగితం మీద రాయించుకోండి. పరీక్ష చేయకుండానే ఇంజిన్ దింపుదామనే మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా, రెండో చోట చూపించడంలో తప్పు లేదు.

వరదనీటిలో మునిగిన కార్ల సంగతి ప్రత్యేకం. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ అనేక కార్లు నీట మునిగాయి. ఎయిర్ ఇన్‌టేక్ గుండా సిలిండర్‌లోకి నీరు చేరాక ఇంజిన్‌ను తిప్పితే, నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కొద్దిగా వంగిన రాడ్డుతో ఇంజిన్ నెలల తరబడి నడిచి, ఆ తరువాత బోరును ఒకవైపే అరగదీసుకొని గాని, రాడ్డు విరిగి గాని మూలపడుతుంది. మీరు కొన్న కారు ఆ కాలంలో ఆ ఊళ్లలో ఉన్నదని ఆర్‌సీ వల్ల, సర్వీసు రికార్డు వల్ల తెలిస్తే, ఒకే సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గడాన్ని మామూలు అరుగుదలగా తీసుకోకూడదు. పైగా అటువంటి కారులో ఇంజిన్ ఒక్కటే బాగు చేయించి లాభం లేదు. వైరింగు, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్), సీట్ల కింది కనెక్టర్లు వరుసగా ఇబ్బంది పెడుతూనే ఉంటాయి. నా అభిప్రాయంలో, మునిగిన కారుకు ఇంజిన్ పని చేయించడం కంటే వచ్చినకాడికి అమ్ముకోవడమే ఎక్కువసార్లు సరైన పని. అయితే కొనేవారికి మునిగిన సంగతి చెప్పి అమ్మాలి.

విప్పించే ముందు కుదుర్చుకోవలసిన మాటలు

హెడ్ ఊడదీసేదాకా అసలు స్థితి పూర్తిగా తెలియదన్నది నిజమే. కాని ఒకసారి విప్పిన ఇంజిన్ డబ్బాల్లో, ట్రేలలో పరచి ఉన్నాక యజమానికి బేరమాడే శక్తి పోతుంది. బండి కదలదు, మరో చోటికి తీసుకుపోవడం కష్టం, చెప్పిన ప్రతి ఖర్చుకూ తల ఊపవలసి వస్తుంది. అందుచేత విప్పడానికి ఎంత, చూశాక పని వద్దనుకుంటే ఎంత ఇవ్వాలి అన్నది ముందుగానే తేల్చుకోవాలి. లేత్ వర్క్‌షాపులో బోరు కొలతలు, క్రాంక్ జర్నళ్ల (బేరింగులు కూర్చునే చోట్ల) కొలతలు, హెడ్ వంపు కొలత తీసిన తరువాతే విడిభాగాలకు ఆర్డరు పెట్టాలని, మార్చిన పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలని చెప్పాలి. పాత పిస్టన్లు ఇంటికి తెచ్చుకొని ఏం చేసుకుంటారని నవ్వేవారు ఉంటారు. మార్చామని చెప్పింది నిజంగా మార్చారని చూసుకోవడానికి అంతకు మించిన దారి లేదు.

అంచనా ఖర్చు అడిగినప్పుడు పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు, లేత్ పని, కూలీ వరకే చెబుతారు. వాటితోపాటు ఆయిల్ పంపు, వాటర్ పంపు, టైమింగ్ చైన్ లేదా బెల్టు, క్లచ్ ప్లేటు, కొత్త హెడ్ బోల్టులు, ఆయిల్, కూలెంట్, ఇంజిన్ మౌంటింగులు కూడా కలిపి లెక్క రాయించుకోవాలి. లేకపోతే చివరి బిల్లు తడిసి మోపెడవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్‌టీ 18 శాతమే కాబట్టి, పాత 28 శాతం లెక్కన వేసిన అంచనాలను సరిచేయించుకోవచ్చు.

మీ ఇంజిన్‌నే నిలబెట్టుకోవడం

బ్లాకు పగలకుండా, క్రాంక్ గ్రైండింగ్‌కు వీలుగా ఉండి, ఆ ఇంజిన్‌కు ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతున్నంతవరకు ఉన్న ఇంజిన్‌ను బాగు చేయించడం వైపే నేను మొగ్గుతాను. దానికి కారణం భావోద్వేగం కాదు. మీ ఇంజిన్ రోగం ఏమిటో ఇప్పుడు కొలతలతో సహా తెలుసు. బయటి నుంచి వచ్చే పాత ఇంజిన్ గురించి అమ్మేవాడు చెప్పిన మాట తప్ప మరేమీ తెలియదు. ఇంజిన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది కాబట్టి, అదే బ్లాకును బోరు చేయించినంతకాలం ఆర్‌సీలో, ఇన్సూరెన్సులో మార్పు చేయించే పని కూడా ఉండదు.

1248 సీసీ ఫియట్ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ ఇందుకు మంచి ఉదాహరణ. మారుతి 2007 నుంచి స్విఫ్టులోను, తరువాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా వంటి కార్లలోను వాడి 2020లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చేటప్పటికి ఆపేసిన ఇంజిన్ ఇది. టాటా విస్టాలోను, ఫియట్ పుంటోలోను ఉన్నది కూడా ఇదే. ఇన్ని కార్లలో ఉండడం వల్ల దీని విడిభాగాలు, దీనిని విప్పి బిగించిన చేతులు విజయవాడ ఆటోనగర్ నుంచి చిన్న పట్టణాల దాకా దొరుకుతాయి. ఉదయం స్టార్ట్ చేయగానే దీనిలో వచ్చే గలగల శబ్దానికి చాలాసార్లు సాగిన టైమింగ్ చైన్, దాని టెన్షనరే కారణం. చైన్ కిట్టు మార్పించడం మొత్తం ఇంజిన్ పనిలో ఒక చిన్న భాగం మాత్రమే. దానినే వాయిదా వేస్తూ చైన్ జారేదాకా తెచ్చుకుంటే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, అప్పుడు హెడ్ పని తప్పదు. టాటా ఏస్‌లోని 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ వంటి చిన్న ఇంజిన్ల విషయంలో ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు. వాటికి బోరింగ్ చేయించడమే రివాజు. ఇందుకు భిన్నంగా, కంపెనీ ఓవర్‌సైజు పిస్టన్లే ఇవ్వని అల్యూమినియం బ్లాకు ఇంజిన్లూ ఉన్నాయి. వాటికి స్లీవులు (సిలిండర్‌లో బిగించే కొత్త లోహపు గొట్టాలు) కొట్టగల మంచి లేత్ పనివాడు దొరకనప్పుడు షార్ట్ బ్లాకు (హెడ్ లేని ఇంజిన్ కింది భాగం) కొనడమో, ఇంజిన్ మార్చడమో చేయాలి.

పని నాణ్యత మెకానిక్ చేతిలో ఎంత ఉందో లేత్ వర్క్‌షాపు చేతిలోనూ అంతే ఉంది. బోరు 0.25 లేదా 0.50 మి.మీ. పెంచే ముందే పిస్టన్లను అక్కడికి పంపి, వాటి కొలతకు తగినట్లు బోరింగ్, హోనింగ్ (బోరు గోడను సన్నగా రుద్ది కొలతకు తేవడం) చేయించాలి. పిస్టన్లు రాకముందే బోరు కొట్టించేస్తే ఆ తరువాత వచ్చిన పిస్టన్‌కు క్లియరెన్సు ఎంత మిగులుతుందన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. వేడెక్కి వంగిన అల్యూమినియం హెడ్‌ను ఫేసింగ్ (చెక్కి చదును) చేయించే ముందు పగుళ్లు ఉన్నాయేమో ప్రెషర్ పరీక్ష చేయించాలి. ఎంత మేరకు చెక్కవచ్చన్నదానికి కంపెనీ ఇచ్చే పరిమితి ఉంటుంది, అది దాటితే వేరే హెడ్ తెచ్చుకోవాలి. బేరింగులు పోయిన ఇంజిన్‌లో లోహపు రజను ఆయిల్ దారులన్నిటిలో, ఆయిల్ కూలర్‌లో, టర్బోకు వెళ్లే గొట్టంలో చేరి ఉంటుంది. వాటిని శుభ్రం చేయకుండా బిగించిన కొత్త బేరింగులు కొన్ని వేల కిలోమీటర్లు కూడా నిలవవు. మూల కారణం వదిలేయడం మరో పొరపాటు. రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసి గారపట్టించుకున్న కారుకు హెడ్ పని చేయించి, అదే రేడియేటర్‌ను మళ్లీ తగిలిస్తే వచ్చే ఏప్రిల్‌లో ఏసీ వేసుకొని వెళ్లేటప్పుడు అదే కథ మొదటికి వస్తుంది.

మరో ఇంజిన్ తెచ్చుకోవడం

బ్లాకు పగిలినప్పుడు, క్రాంక్ ఆఖరి సైజుకు కూడా పనికిరానప్పుడు, ఇదివరకే పెద్ద సైజుకు బోరు కొట్టిన ఇంజిన్ అయినప్పుడు మార్చడమే మిగిలిన దారి. అద్దెలకు తిరిగే బండి విషయంలో మరో కోణం ఉంది. బోరింగ్ పనికి విడిభాగాలు, లేత్ వరుస కలిపి రెండు మూడు వారాలు పట్టే చోట, దొరికిన ఇంజిన్ పెట్టించడం కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఆగిన రోజుల కిరాయి నష్టాన్ని కూడా లెక్కలో వేసుకుంటే ఖరీదైన దారే చవక కావచ్చు.

కంపెనీ నుంచి కొత్త ఇంజిన్ తెప్పించడం వయసు మీరిన కారుకు దాదాపు ఎప్పుడూ గిట్టదు. కాబట్టి ఆచరణలో ఇంజిన్ మార్చడమంటే ప్రమాదంలో నుజ్జయిన కారు నుంచో, తుక్కుకు వచ్చిన కారు నుంచో తీసిన ఇంజిన్ తేవడమే. విజయవాడ, హైదరాబాదు ఆటోనగర్లలో, చెన్నై పుదుపేటలో, ఢిల్లీ మాయాపురిలో ఈ వ్యాపారం ఉంది. ఎక్కడ కొన్నా, ఆ ఇంజిన్ ఏ కారుది అన్న ప్రశ్నకు కాగితం రూపంలో జవాబు రావాలి. దాత వాహనం (ఇంజిన్ తీసిన కారు) ఆర్‌సీ ప్రతి, ఇంజిన్ నంబరు రాసిన జీఎస్‌టీ బిల్లు లేకుండా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. నంబరు గీకి ఉన్నా, చుట్టూ కొత్త రంగు పూసి ఉన్నా దొంగబండి ఇంజిన్ అనే అనుకోవాలి. తరువాత పోలీసులకు జవాబు చెప్పవలసింది మీరే.

వీలైతే ఇంజిన్ ఇంకా కారులో ఉండగా స్టార్ట్ చేయించి వినాలి. వెనుక నుంచి గుద్దుకోవడం వల్ల తుక్కయిన కారు ఇంజిన్ దొరికితే అంతకు మించినది లేదు. ముందు గుద్దుకున్న కారైతే రేడియేటర్ పగిలాక కూడా ఇంజిన్ కాసేపు నడిచి వేడెక్కి ఉండవచ్చు. బయట దింపి పెట్టిన ఇంజిన్ అయితే క్రాంక్ చేత్తో తిప్పించి, కంప్రెషన్ పరీక్ష చేయించి, ఆయిల్ మూతలో, సంపులో బురద ఉందేమో చూసి, ఇంజెక్టర్ రంధ్రాల గుండా చిన్న కెమెరాతో బోరు గోడలు చూడాలి. గారంటీ నోటిమాటగా కాక బిల్లు మీద ఎన్ని రోజులో రాయించుకోవాలి. ఇంజిన్‌కు మాత్రమేనా, మళ్లీ దింపి ఎక్కించే కూలీకి కూడానా అన్నదీ అడగాలి.

ఒకే పేరున్న ఇంజిన్లన్నీ ఒకటి కావు. పైన చెప్పిన 1248 సీసీలోనే 75 హార్స్ పవరుది వేరు, 90 హార్స్ పవరుది వేరు, వాటి టర్బోలు వేరు. బీఎస్4 ప్రమాణాలు హైదరాబాదులో 2010 ఏప్రిల్ నుంచి, దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి కాబట్టి, ఒకే ఏడాది తయారైన కార్లలో కూడా బీఎస్3, బీఎస్4 ఇంజిన్లు రెండూ ఉండవచ్చు. ఆర్‌సీలో ఉన్న ప్రమాణానికి సరిపోయే ఇంజినే తేవాలి. కామన్ రైల్ డీజిల్ కార్లలో చాలావాటికి ఇంజెక్టర్ మారిస్తే దాని కోడ్‌ను ఈసీయూకు ఎక్కించాలి. అది చేయగల స్కానర్ మీ మెకానిక్ దగ్గర ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

లెక్క వేసే పద్ధతి

ఇప్పుడు డబ్బు సంగతి. మీ కారు మంచి స్థితిలో ఉంటే ఈరోజు బజారులో ఎంత పలుకుతుంది, ఇంజిన్ చెడి ఉన్న స్థితిలో ఎంత పలుకుతుంది అన్న రెండు అంకెలు ముందు కావాలి. మాట వరుసకు ఒక 2015 డీజిల్ కారు మంచి స్థితిలో రూ.3,00,000, ఇప్పుడున్న స్థితిలో రూ.1,20,000 పలుకుతుందని, మొత్తం పనికి రూ.90,000 అవుతుందని అనుకుందాం. బాగు చేయించుకుంటే మీ చేతిలో ఉన్న రూ.1,20,000 విలువకు రూ.90,000 కలిపి, రూ.2,10,000తో మూడు లక్షల కారు వచ్చినట్లు. అదే సొమ్ముతో బయట కొనే కారు ఇంతకంటే పాతదే అవుతుంది, దాని ఇంజిన్ సంగతి మీకు తెలియదు. మరోవైపు, మంచి స్థితిలో లక్ష, ఇప్పుడు రూ.45,000 పలికే 2010 పెట్రోల్ కారుకు రూ.60,000 పెడితే మొత్తం రూ.1,05,000 అవుతుంది, అంటే ఖర్చే విలువను దాటింది. దానికి తోడు 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్‌కు కారును ఫిట్‌నెస్ తనిఖీకి తీసుకువెళ్లాలి, 2022 ఏప్రిల్‌లో రెన్యువల్ ఫీజే రూ.5,000కు పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇటువంటి కారును నమోదైన వాహన తుక్కు కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త కారు పన్నులో కొంత రాయితీ వస్తుంది.

ఈ లెక్కలో గతంలో పెట్టిన ఖర్చులను కలపకూడదు. కొన్న ధర ఎంతన్నది, నిరుడు టైర్లకు, సస్పెన్షన్‌కు ఎంతయిందన్నది ఇప్పుడు అప్రస్తుతం. ఆ ఖర్చు వల్ల కారు మిగతా భాగం బాగుందన్న సంగతి మాత్రం ప్రస్తుతమే, అది ఈనాటి విలువలో కనిపించాలి. ఇంజిన్ పోతే మార్చుకోవచ్చు గాని, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అడుగున ఛాసిస్ తుప్పు పట్టి బోలుపోయిన కారుకు ఏ ఇంజిన్ పెట్టినా దండగే. గేర్‌బాక్సు, స్టీరింగు, ఏసీ కంప్రెసర్ కూడా ఒకసారి చూపించి, రాబోయే ఏడాదిలో వాటికయ్యే ఖర్చును ఇంజిన్ ఖర్చుకు కలిపిన తరువాతే తుది లెక్క వేయాలి.

కాగితాలు, మొదటి వెయ్యి కిలోమీటర్లు

బ్లాకు మారితే ఇంజిన్ నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చిన సంగతి 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. కొన్న బిల్లు, దాత వాహనం వివరాలు అక్కడ చూపించవలసి వస్తుంది, రుణం తీరని కారైతే ఫైనాన్స్ సంస్థ సమ్మతి కూడా కావాలి. ఆర్‌సీ మారాక ఇన్సూరెన్సు పాలసీలో కొత్త నంబరు వేయించాలి. దీనిని నిర్లక్ష్యం చేసినవారికి అసలు ఇబ్బంది ప్రమాదం జరిగి క్లెయిమ్ పెట్టినప్పుడో, కారు అమ్మబోయినప్పుడో ఎదురవుతుంది.

కొత్తగా బోరు చేయించిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసి గంటల తరబడి ఐడిల్‌లో ఉంచే అలవాటు కొన్ని గ్యారేజీలలో ఉంది. అది మంచిది కాదు. రింగులు బోరుకు కూర్చోవాలంటే వాటి మీద మితమైన లోడు పడాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లు నిండు లోడు, ఘాట్ రోడ్లు, అధిక ఆర్‌పీఎం మానుకొని, ఒకే వేగంతో కాక వేగం మారుస్తూ నడపాలి. రోజూ ఆయిల్, కూలెంట్ మట్టాలు చూసుకొని, 500 నుంచి 1000 కి.మీ. మధ్య మొదటి ఆయిల్, ఫిల్టరు మార్పించి, తీసిన ఫిల్టరును కోయించి మడతల్లో మెరిసే రజను ఉందేమో చూడాలి. మొదటిసారి సన్నని పొడి కొంత కనిపించడం మామూలే. రేకు ముక్కల్లాంటివి కనిపిస్తే గారంటీ గడువు ఉండగానే కారును తిరిగి అప్పగించాలి.